కొసరు వంతు

బడి తలుపులు తెరవాలి. రాత్రి ఉప్పుగాలికి చెమ్మగిల్లిన చదువుగవ్వల్ని ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డతో తుడవాలి. కప్పు మీది ఎండపలకల మీద పడ్డ కాకిరెట్టలు కడగాలి, లేకపోతే మధ్యాహ్నానికి కరెంటు చాలదు. గంగులు వాళ్ళమ్మకి పంపడానికి గవ్వ రాసిపెట్టిన కబురు చదివి, అందులోంచి 'సంతృప్తికరమైన పురోగతి' అన్న ముక్క తీసేసి, మనుషులు మాట్లాడుకునే మాటేదైనా పెట్టాలి. ఎల్లాజీ చెప్పు తెగింది, వాడికో పిన్నీసు పట్టుకెళ్ళాలి. ఇవాళ గుడ్డు రోజు, గుడ్లు ఉడికాయో లేదో చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు, సోమవారం దాలినాయుడుగారు వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి.

నూకరత్నం వేళ్ళ కణుపుల మీద ఈ పనులన్నీ లెక్కపెట్టుకుంటూ కొండవాలు మెట్లెక్కుతోంది. చివరి పని దగ్గరికి వచ్చేసరికి వేలు అక్కడే ఆగిపోయింది. మిగతావన్నీ చేతులతో అయ్యే పనులు. అదొక్కటే బుర్రతో అవ్వాల్సింది, అదే అవడం లేదు.

ముత్యాలరేవు ఒకప్పుడు ఒడ్డు మీదే ఉండేది. సముద్రం ముందుకు జరిగాక ఊరు కొండెక్కింది. ఇళ్ళు మెట్లుమెట్లుగా, అన్నిటికన్నా పైన బడి. కింద నీటి మీద ఎండతెరలు విప్పుకున్న పడవలు చప్పుడు లేకుండా వేటకి పోతుంటాయి. నూకరత్నం అమ్మ ఒకప్పుడు ఈ ఒడ్డునే నెత్తిన గంప పెట్టుకుని చేపలు అమ్మేది. ఆ ఇంట్లో డిగ్రీ కాగితం అందుకున్న మొదటి మనిషి నూకరత్నమే. అందుకే కాబోలు, ఈ బడిలో ఏ పనీ ఆమెకి చిన్నదిగా కనిపించదు, కాకిరెట్టలు కడగడంతో సహా.

ప్రార్థన అయ్యింది. పిల్లలు చాపల మీద ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని గవ్వలు చెవికి పెట్టుకున్నారు. చదువుగవ్వ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పిల్లవాడి యాసలోనే పాఠం చెబుతుంది, ప్రశ్న అడుగుతుంది, జవాబు వింటుంది, ఎక్కడ తడబడుతున్నాడో పసిగడుతుంది. పసిగట్టింది టీచరు ముంజేతికి ఉన్న అక్కర పట్టీకి చెబుతుంది. ఎవరికి సాయం ఎక్కువ కావాలో వాళ్ళ పేరు పట్టీ మీద పైన మెరుస్తుంది. టీచరు వెళ్ళి ఆ పిల్లవాడి పక్కన కూర్చుంటుంది.

మంచి పనిముట్టే. నూకరత్నానికి దాని మీద ఏ కోపమూ లేదు. ఆమె చదువుకున్న రోజుల్లో మూల కూర్చున్నవాడికి భాగహారం రాదని టీచరుకి తెలిసేసరికి ఏడాది గడిచిపోయేది. ఇప్పుడు పూటలో తెలుస్తుంది.

అయినా బడి తెరిచిన మొదటి రోజునే ఆమె పిల్లలందరి ముందూ నిలబడి మూడు మాటలిచ్చింది. గవ్వ రాసిన ఏ కబురూ తను చదివి దిద్దకుండా ఇంటికి పంపదు. ఎవరైనా "ఇది నువ్వు సెప్తన్నావా, గవ్వ సెప్తందా?" అని అడిగితే నిజం చెబుతుంది. ఇక మూడోది మోముకన్ను గురించి. గోడకి బిగించిన ఆ గాజుకన్ను పిల్లల ముఖాలు చూసి, ఎవరు భయపడుతున్నారు, ఎవరు విసుక్కుంటున్నారు, ఎవరు అబద్ధమాడుతున్నారు అన్నీ చెప్పేస్తుంది. చుట్టుపక్కల బడుల్లో చాలామంది టీచర్లు దాన్ని తెరిచే ఉంచారు. నూకరత్నం మాత్రం అమ్మ దగ్గర అడిగి తెచ్చిన ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి ఆ కన్ను మీద అంటించేసి, "మీ మొహాలు నేను చూస్తాను. అది చూడక్కర్లేదు," అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎల్లాజీ మాత్రం "గోడకి బొట్టెట్టినావేటి టీచరమ్మా, పెళ్ళా?" అని అడిగాడు.

ఆ బొట్టుబిళ్ళకే ఇప్పుడు గండం వచ్చింది.

పట్టీ మెరిసింది. ఎల్లాజీ. ఆమె వెళ్ళి వాడి పక్కన చాప మీద కూర్చుంది.

"ఏడూ ఎనిమిదీ కలిపితే ఎంతరా?"

ఎల్లాజీ కప్పు వైపు చూశాడు. వేళ్ళు చూసుకున్నాడు. "పదారు టీచరమ్మా."

"పదహారా? పోయిన నెల టకటకా చెప్పేవాడివి కదరా!"

"అప్పుడొచ్చీది. ఇప్పుడు రాటం నేదు," అన్నాడు వాడు, బహుమతి అందుకున్నవాడి మొహంతో.

ఆమె చింతపిక్కలు తీసి ముందు పోసింది. గవ్వ సలహా అదే. కొన్నాళ్ళుగా పిల్లలందరూ ప్రతి లెక్కకీ జవాబు ఒకటి ఎక్కువ చెబుతున్నారు. 'లెక్కపెట్టేటప్పుడు మొదటి వస్తువును రెండుసార్లు లెక్కిస్తున్నారు. ఒకటి నుంచి మళ్ళీ నేర్పాలి' అని గవ్వ తేల్చింది. అందుకని మూడో తరగతి పిల్లల చేత ఆమె చింతపిక్కలు ఒకటీ రెండూ అని ఎంచి పెట్టిస్తోంది. పిక్కలు ఎంచుతున్నంతసేపూ ఎల్లాజీ ఆమె మోచేతికి ఆనుకుని, తమ పిల్లి పడవలో పిల్లల్ని పెట్టిన వైనం, ఒక పిల్లకి తోక వంకరగా ఉన్న వైనం చెప్పుకొచ్చాడు. చివరికి మళ్ళీ పదహారే అన్నాడు.

వాడి దగ్గర లేవగానే ఇంకో పేరు, అక్కడ లేవగానే మరో పేరు. "ఆరు నాలుగులెంతమ్మా?" "ఇరవై అయిదు!" "ఇరవైలో తొమ్మిది పోతే?" "పన్నెండు!" జవాబులు తప్పు, మొహాలు మాత్రం వెలుగులు. ఆమెకి అదే అంతు చిక్కలేదు. రాని పిల్లలు ఇంత సంతోషంగా ఉండటం ఆమె ఎక్కడా చూడలేదు.

ఇంకో వింత ఏమిటంటే, తరగతిలో అందరికన్నా వెనకబడి ఉండే గంగులు ఒక్కడే పైకి వచ్చాడు. వాడు ఒక్క తప్పు కూడా చెప్పడం లేదు. ఇన్నాళ్ళూ తరగతికి ముందుండే పోలేశ్వరి కూడా ఈమధ్య తప్పులు చెబుతోంది గానీ, మూడేళ్ళుగా ఆ పిల్ల జవాబులెరిగిన గవ్వ దాన్ని లక్ష్యపెట్టలేదు. 'పొరపాటు. తనే దిద్దుకుంటుంది' అంది. పట్టీలో పోలేశ్వరి పేరు ఎప్పటిలాగే అన్నిటికన్నా అడుగున, 'సాయం అక్కర లేదు' అన్న మాటతో ఉంది.

మధ్యాహ్నం గుడ్లు పంచుతుండగా గోడతెర మీద దాలినాయుడుగారు కనిపించారు. ఆ మండలంలో బడులన్నీ చూసుకునే పెద్దమనిషి. మంచివాడే, కానీ అంకెలు కిందికి పోతే ఆయనకి కడుపునొప్పి వస్తుంది.

"అమ్మా నూకరత్నం, నీ బడి మార్కుల గీత చూశావా? జారుడుబల్లలాగ ఉంది. ఆ గంగులొక్కడే ఎక్కుతున్నాడు, మిగతావాళ్ళందరూ దిగుతున్నారు."

"చూశాను సార్. కారణం తెలియడం లేదు."

"తెలియకపోవడమేమిటి? ఆ బొట్టుబిళ్ళ తియ్యి. మోముకన్ను తెరిస్తే గంటలో తెలిసిపోతుంది."

"పిల్లలకి మాటిచ్చాను సార్."

"పిల్లలకి లెక్కలు నేర్పుతానని కూడా మాటిచ్చావు కదమ్మా." ఆయన గొంతు మెత్తబడింది. "నీ మీద నాకు గౌరవముంది. కానీ పైవాళ్ళకి నేనేం చెప్పుకోను? సోమవారం ఎలాగూ వస్తున్నాను కదా. అప్పటికి కారణం చెప్పగలిగితే సరే. లేకపోతే ఆ కన్ను నేనే తెరుస్తాను, ఇక మీదట మూయడానికి వీల్లేదు."

తెర ఆరిపోయింది. పిల్లలు గుడ్లు ఒలవడం మానేసి ఆమె వంకే చూస్తున్నారు. పోలేశ్వరి గోడ మీది ఎర్రబొట్టు వంక చూస్తోంది.

"తినండి, తినండి," అంది నూకరత్నం.

సాయంత్రం రేవుకి దిగింది. పడవలు వచ్చి ఉన్నాయి. ఎల్లాజీ నాయనమ్మ పైడమ్మ కవ్వ చేపల గంప ముందు కూర్చుని గొంతు చించుకుంటోంది.

"రావే రత్నం! మా గుంటడికి ఏటి సదువు సెప్తన్నావే? నిన్న ఎన్ని కవ్వళ్ళున్నాయిరా అంటే టకటకా ఎంచీసి సెప్పినాడు. తప్పు నేదు. మరి బళ్ళో ఆడికేటీ రాదంటన్నారు?"

"ఇంటి దగ్గర సరిగ్గా ఎంచుతున్నాడా?"

"ఎంచడేటి! సేపల కాడ పుట్టినోడు. ఎన్ని కావాలా?"

"ఇరవై వెయ్యి పెద్దమ్మా."

పైడమ్మ చేతులు గంపలోకి, సంచిలోకి జాలర్ల వేగంతో ఆడాయి. ఇరవై అయ్యాయి. సంచి అందుకోబోతుంటే ముసలామె "ఉండవే!" అని ఇంకో కవ్వ తీసి విసిరింది. "కొసరు."

నూకరత్నం చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

"ఏటే, బేరంలో తేడా వొచ్చిందేటి? అలగ సూస్తావు?"

"పెద్దమ్మా," అంది ఆమె నెమ్మదిగా, "ఏడూ ఎనిమిదీ ఎంత?"

"పదిహేను. కొసరేస్తే పదారు."

నూకరత్నం పకపకా నవ్వేసింది. రేవు రేవంతా తిరిగి చూసింది. ఆమె సంచి పుచ్చుకుని మెట్లెక్కుతుంటే, వెనక నుంచి పైడమ్మ ఎవరితోనో అనడం వినిపించింది: "సదువెక్కువైతే అంతే మరి. ఒక్క కవ్వకి అంత నవ్వేటి!"

మెట్లెక్కుతూ ఆమె జవాబులన్నీ మళ్ళీ తలుచుకుంది. పదిహేనుకి పదహారు. ఇరవై నాలుగుకి ఇరవై అయిదు. పదకొండుకి పన్నెండు. ఒకటి ఎక్కువ చెప్పాలంటే ముందు సరైనదేమిటో తెలియాలి. పిల్లలకి లెక్కలు రాకపోవడం కాదు, వచ్చిన లెక్క మీద కొసరేస్తున్నారు! కొసరంటే గవ్వకీ తెలుసు. అడిగితే అర్థం చెబుతుంది. కానీ పిల్లలు జవాబుకి కూడా కొసరేస్తారని దాని ఊహకి అందలేదు. ఆ మాటకొస్తే తన ఊహకీ అందలేదు, చేపల గంప పక్కన పెరిగి కూడా.

ఎలాగో తెలిసింది. ఎందుకో తెలియాలి.

మర్నాడు ఆమె గవ్వలన్నీ పెట్టెలో పెట్టేసి, చాప మధ్యలో కూర్చుని చింతపిక్కలు కుప్ప పోసింది.

"ఇవాళ గవ్వ లేదు, నేనే. ఇవి కవ్వళ్ళు, నేను పైడమ్మని. రండి, కొనుక్కోండి. కానీ నా దుకాణంలో కొసరు లేదు."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎల్లాజీకి చెవులెర్రబడ్డాయి.

"ఏడు కవ్వళ్ళు తీసుకున్నావు, మళ్ళీ ఎనిమిది తీసుకున్నావు. కొసరు లేకుండా ఎన్నిరా?"

"పదిహేను," అన్నాడు వాడు నేల చూస్తూ.

"నాలుగేసి చొప్పున ఆరు కుప్పలు. కొసరు లేకుండా?"

"ఇరవై నాలుగు!" అని తరగతి తరగతంతా అరిచింది. అరిచి, నోళ్ళు మూసుకుంది. అంతలోనే ఎవరో కిసుక్కుమన్నారు. అందరూ నవ్వేశారు. నూకరత్నం కూడా.

"నేను కోప్పడను," అంది నవ్వాగాక. "ఎందుకు చేశారో మాత్రం చెప్పండి."

ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "తప్పు సెప్తే నువ్వొచ్చి పక్కన కూకుంటావు కదా టీచరమ్మా. రైటు సెప్తే రావు. గవ్వే 'బాగుంది' అనీసి ఎల్లిపోద్ది."

చాప మీద పిల్లలందరూ తలలూపారు. ఆమెకి పిల్లిపిల్ల వంకర తోక గుర్తొచ్చింది.

"మరి గంగులూ, నువ్వు కలవలేదేంరా?"

గంగులు లేచి నిలబడ్డాడు. "నాకిప్పుడిప్పుడే వొచ్చినాయి టీచరమ్మా. మళ్ళీ తప్పు సెప్పమంటే నేను సెప్పనేను అనీసినాను."

"ఎవరు నేర్పారు నీకు?"

"పోలి. అందరూ తప్పులు సెప్తే నీకు నా కాడికొచ్చే వొంతు రాదు కదా. అందుకని పోలి ముందు నాకు నేర్పీసింది."

అందరి తలలూ ఒక్కసారి కిటికీ వైపు తిరిగాయి. కిటికీ పక్కన పోలేశ్వరి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఇదంతా నీ ఎత్తేనా?"

పిల్ల తలూపింది. "ఒక్కదాన్ని తప్పు సెప్తే దొరికిపోతాననుకున్నాను. అందుకని అందరికీ సెప్పినాను. ఎంత తప్పు సెప్పాలో మర్సిపోకుండా ఒకటే ఎక్కువ సెప్పమన్నాను."

"తక్కువ చెప్పొచ్చు కదా?"

పోలేశ్వరి ఆశ్చర్యపోయింది. "తక్కువేస్తే మోసం కదా టీచరమ్మా! ఎక్కువేస్తే కొసరు. కొసరు తప్పు కాదని మాయమ్మ సెప్పింది."

నూకరత్నం నవ్వు ఆపుకోవడానికి చింతపిక్కలు ఎంచుతున్నట్టు తల వంచింది. తల ఎత్తేసరికి నవ్వు లేదు. ఒక సంగతి తట్టింది.

"మరి ఇన్నాళ్ళలో నీ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చాను పోలీ?"

"నేదు."

"ఒక్కసారీ?"

"నీ సేతి మీద పట్టీలో నా పేరు ఎప్పుడూ కిందనే ఉంటాది. నేను సూసినాను. తప్పు సెప్పినా గవ్వ నన్ను నమ్మనేదు టీచరమ్మా. నీకొచ్చులే అనీసింది."

నూకరత్నం గుర్తు చేసుకుంది. ఒకటో తరగతిలో లేదు. రెండులో లేదు. మూడులోనూ లేదు. ఈ పిల్ల పక్కన తను కూర్చోలేదు. పట్టీ ఎక్కడికి వెళ్ళాలో సరిగ్గా చెప్పింది. ఎక్కడికి వెళ్ళక్కర్లేదో కూడా అది చెబుతోందని, దాన్ని కూడా తను అంతే గట్టిగా నమ్మేసిందని ఇవాళే తెలిసింది. గవ్వకీ గోడ మీది కన్నుకీ కలిపి తను మూడు హద్దులు గీసింది. నాలుగోది గీయాల్సింది తన చేతికి.

"సోమవారం దాలినాయుడుగారు వస్తారు," అంది. "కారణం చెప్పకపోతే ఆ బొట్టుబిళ్ళ తీసేస్తారు. చెబితే మీ గుట్టు చెప్పినట్టవుతుంది. మీ గుట్టు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. చెప్పమంటేనే చెబుతాను."

పిల్లలు గుసగుసలాడుకున్నారు. చివరికి పోలేశ్వరి లేచింది. "నువ్వు సెప్పొద్దు టీచరమ్మా. నేనే సెప్తాను."

సోమవారం దాలినాయుడుగారు ఎండతెర పడవ దిగి, ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కి వచ్చారు. మంచినీళ్ళు తాగారు. గోడ మీది ఎర్రబొట్టు వంక చూశారు. అప్పుడు పోలేశ్వరి ఆయన ముందు నిలబడి, చేతులు కట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. కొసరు దగ్గర ఆయన కళ్ళజోడు తీసేశారు. మోసానికీ కొసరుకీ తేడా దగ్గర పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వుకో మరి దేనికో ఎవరూ అడగలేదు.

"అమ్మా నూకరత్నం," అన్నారు చివరికి, "ఇది నేను పైకి ఏమని రాయను? ఏ గడిలో పెట్టను?"

"గడి లేకపోతే ఉన్నదున్నట్టు రాయండి సార్. పిల్లలకి లెక్కలొచ్చు. టీచరు కావాలి, అంతే."

"ఆ కన్ను తెరిచి ఉంటే తెలిసేదేమో మరి?"

"అబద్ధమాడుతున్నారని తెలిసేది సార్. ఎందుకో తెలిసేది కాదు. అప్పుడు వీళ్ళు నాకు చెప్పేవాళ్ళూ కాదు."

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. దాలినాయుడుగారు ఒక అంచున లేస్తున్న బొట్టుబిళ్ళని బొటనవేలితో గట్టిగా అదిమి, "ఉప్పుగాలికి ఊడిపోతుంది. ఇంకోటి తెచ్చి పెట్టుకో," అన్నారు.

అప్పుడు పిల్లలు వేసిన కేక రేవు దాకా వినిపించిందని పైడమ్మ తర్వాత అందరికీ చెప్పింది.

ఆ వారం నుంచి ముత్యాలరేవు బడిలో కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. పట్టీ చెప్పిన పిల్లల దగ్గరికి టీచరు వెళుతూనే ఉంటుంది. గవ్వ చెప్పే మాటని ఆమె కాదనదు. ఆ పని అయ్యాక, రోజూ పట్టీ అడుగు నుంచి ఒక పేరు తీసుకుంటుంది. పని ఉండి కాదు, లెక్క రాక కాదు. ఊరికే. పిల్లలు దానికి కొసరు వంతు అని పేరు పెట్టారు. తప్పులు ఆగిపోయాయి. గీత జారుడుబల్ల ఎక్కినట్టు పైకి పోయింది. దాలినాయుడుగారి కడుపునొప్పి తగ్గింది.

మొదటి కొసరు వంతు పోలేశ్వరిది. నూకరత్నం వెళ్ళి కిటికీ పక్కన చాప మీద కూర్చుంది. పిల్ల బిగుసుకుపోయింది.

"ఏటి అడగాలి టీచరమ్మా? నాకన్నీ వొచ్చు."

"ఏమీ అడగక్కర్లేదు."

ముంజేతి మీద పట్టీ మెల్లగా వణికింది: 'ఇక్కడ సాయం అక్కర లేదు'. నూకరత్నం పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి పడవలు కనిపిస్తున్నాయి. కాసేపటికి పోలేశ్వరి, దూరంగా నీలంతెర పడవని చూపించి, అది మా నాన్నది అంది. ఇంకాసేపటికి, అలలు పెద్దవైతే తనకి భయమని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదని చెప్పింది. మరి కాసేపటికి చెప్పడం ఆపి టీచరు భుజానికి తల ఆనించింది.

ఇది చదివేవాళ్ళలో టీచర్లుంటారు, అమ్మానాన్నలుంటారు. అన్నీ తనే చేసుకుపోతుందిలే, దీనికి మనం అక్కర్లేదులే అనిపించే పిల్ల మీ ఎదుట ఒకతె ఉంటే, ముత్యాలరేవు కిటికీ పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పోలేశ్వరిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. తెచ్చుకుని, వెళ్ళి పక్కన కూర్చోండి.